తిరగ్గొట్టిన పుట్టగొడుగులు

మా అక్క పోయిన రోజు కూడా పుట్టగొడుగులు కొనే కాంట్రాక్టర్ వ్యాన్ వేళకే వచ్చింది. శవం వాకిట్లో ఉంది. డ్రైవర్ హారన్ కొట్టలేదు. అంతవరకే మర్యాద.

అక్క అడవిలో పుట్టగొడుగులు ఏరేది. ఆ కూలితోనే నన్ను చదివించి టీచర్ని చేసింది. కొండ వెనక అణు కర్మాగారంలో గొట్టం పగిలినప్పటి నుంచి కాంట్రాక్టర్ ప్రతి బుట్టనూ రేడియేషన్ కొలిచే మీటరు కింద పెట్టేవాడు. మీటరు కూత పెట్టిన బుట్ట పట్నానికి పోదు. "పారెయ్యడమెందుకు, ఇంటికి పట్టుకెళ్ళి వండుకోండి" అనేవాడు. మావాళ్ళు దాన్ని దయ అనుకున్నారు. ఉడికించి, ఆ నీళ్ళు పెరట్లో ఆకుకూరల మడికి పోసేవారు.

అక్కకు ఏ జబ్బో డాక్టరు తేల్చలేదు. తెలియనిది నేనూ చెప్పను. ఆమె ఏం తిన్నదో మాత్రం తెలుసు.

అక్కను సాగనంపాక ఏరేవాళ్ళంతా బడిలో కూర్చున్నారు.

"ఆ గొట్టంలోంచి వచ్చిన విషం సీసియం. ఒంటికి కావాల్సిన పొటాషియానికి అచ్చం చుట్టంలా ఉంటుంది," అన్నాను. "పుట్టగొడుగు తేడా పట్టలేదు. మట్టిలోంచి లాక్కుని దాచుకుంటుంది. మన ఒళ్ళూ అంతే, లోపలికి రానిస్తుంది."

"ఉడికించి పారబోస్తే పోదా?" అడిగింది పక్కింటి పిన్ని.

"కొంత నీళ్ళలోకి దిగుతుంది. ఆ నీళ్ళు మన మడిలోకే పోశాం, పిన్నీ."



"వీడి దయ తగలెయ్య!" అంది పిన్ని.

ఏరేవాళ్ళ మేస్త్రీని అందరూ బక్కోడంటారు. అతను లేచాడు. "గొంతు లేపితే రేపటి నుంచి కొనడు. అప్పుడేం తినాలి? మీ సుద్దముక్కలా, మాస్టారూ?"

కొందరు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

"నీ కూతురికి ఈ పూట కూడా అదే కూర పెడతావట్రా?" పిన్ని అడిగింది.

బక్కోడు కూర్చుండిపోయాడు.

మర్నాడు మీటరు కూత పెట్టిన బుట్టలను ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

"ఎత్తుకెళ్ళండమ్మా, ఊరికే ఇస్తున్నాగా!" అన్నాడు కాంట్రాక్టర్.

"మీరే తినండి బాబూ. మీకూ ఊరికేగా!" అంది పిన్ని.

బక్కోడు తన బుట్టను వ్యాన్ ముందు బోర్లించాడు. తర్వాత అందరూ. ఆ కుప్ప వెనక దారికి అడ్డంగా కూర్చున్నాం. కొండ మట్టినీ, మా పిల్లలనూ పరీక్షిస్తేనే లేస్తామన్నాం.

పోలీసులొచ్చి బక్కోణ్ణి, పిన్నిని జీపెక్కించారు. ఎవరూ పరిగెత్తలేదు. పరిగెత్తే ఓపిక కూడా లేదు. నడుచుకుంటూ స్టేషన్‌కు పోయి మెట్ల మీద కూర్చున్నాం. ఇప్పటికీ రోజూ కొందరు దిగిపోతారు, కొందరు వచ్చి కూర్చుంటారు.

వాళ్ళిద్దరినీ ఇంకా వదల్లేదు. కొండ మట్టినీ, మా పిల్లలనూ ఇంతవరకు ఎవరూ పరీక్షించలేదు.