ఒళ్ళో పడ్డ డ్రైవు

కాశీబుగ్గలో కంప్యూటరు బిగించాలంటే ఎడ్వర్డే బిగించాలి. ఈ మాట ఎడ్వర్డే చెప్పేవాడు. కళ్ళకు గంతలు కట్టినా అరగంటలో మూడు మిషన్లు లేపి నిలబెడతాడట. ఓసారి కరెంటు లేకుండానే విండోస్ ఎక్కించాడట. టెక్కలి నుంచి ఇచ్ఛాపురం దాకా అతని చెయ్యి పడని మదర్‌బోర్డు లేదట. కాకపోతే ఆ చెయ్యి పడేముందు ప్రతి బోర్డూ సన్యాసమ్మ చేటలో పడేది.

సన్యాసమ్మ జీడిపప్పు బట్టీలో ముప్పై ఏళ్ళుగా చెరుగుతోంది. ఆమె చేట ఒక్క విసురు విసిరిందంటే పొట్టు ఒరిస్సాలో పడేది. గుండు పప్పు ఒక పక్కకీ, బద్దలు ఒక పక్కకీ వాటంతటవే సర్దుకునేవి. ఏది దేనికి పొసుగుతుందో ఆ చేటకి తెలుసు. రెండు వస్తువులు వేసి చెరిగితే, పొసిగేవి ఒకదాన్నొకటి కరుచుకుని మూలకి చేరతాయి. పొసగనిది ఎగిరి బయట పడుతుంది. సంబంధం ఖాయం చేసుకునేముందు పిల్ల గాజూ, పిల్లాడి ఉంగరమూ పట్టుకుని జనం వచ్చేవాళ్ళు. ఎడ్వర్డు ర్యామూ, బోర్డూ పట్టుకుని అదే వరసలో నిలబడేవాడు. ఎగిరిన వస్తువు ఎవరి ఒళ్ళోనైనా పడిందా, దానికి ముందు వాళ్ళతో పనుందన్నమాట. ఆ పని తీరేదాకా అది వేరే చోట కుదురుకోదు.

రెండువేల తొమ్మిది, శ్రావణమాసం. కిడ్నీ పరీక్షల వ్యానులో రక్తాలు తీసే హెలెన్ నీరసంగా ఎడ్వర్డు కొట్లోకి వచ్చింది.

"ఎడ్వర్డన్నా, మళ్ళీ పోయింది."

"ఏటి పోయింది?"

"హార్డ్ డిస్కు. మూడోది. ఉద్దానం గోతుల్లో వ్యాను ఎగిరెగిరి పడతంటే లోపల తిరిగే పళ్ళెం గీసుకుపోతంది. వందలమంది రిజల్టులు దాంతోనే పోతన్నాయి. ఒకే ఊళ్ళో మూడుసార్లు సూది పొడిసినాం, ఒక్క కాగితం ఇయ్యలేకపోనాం. సోమవారం అక్కడికక్కడ కాగితం ఇయ్యకపోతే ఆ ఊళ్ళో ఇంకెవుడూ సెయ్యి సాపడు. ఎవుడికి కిడ్నీ జబ్బు ముదురతందో తెలీకుండానే పోతాడు."

ఎడ్వర్డు కుర్చీలోంచి కాదు, సింహాసనంలోంచి లేచినట్టు లేచాడు.

"పళ్ళెమే లేని డ్రైవు తెప్పిత్తాను సెల్లీ. సాలిడ్ స్టేట్ అంటారు. లోపల అన్నీ చిప్పులే, కదిలేదేదీ ఉండదు. లారీ కింద పడేసి, సముద్రంలో ముంచి, తీసి పెట్టినా బూటవుద్ది."

"సరే గానీ, నువ్వెప్పుడు పరీక్ష సేయించుకుంతావు?"

అతని మీసం కొంచెం దిగింది. అన్న దావీదు ఆ జబ్బుతోనే పోయాడు. సమాధి మీద మట్టి ఆరకముందు నుంచీ హెలెన్ అడుగుతూనే ఉంది. స్క్రూడ్రైవరుతో తాచుపాముని బెదిరించానని చెప్పుకునే మనిషి సూది కనబడితే వీధి మార్చేవాడు.

"నా కిడ్నీలకేటి? ఇనప గుండ్లు!" అని, కాళ్ళనొప్పులకి రోజూ మింగే బిళ్ళ నోట్లో వేసుకున్నాడు.

శుక్రవారానికి విశాఖపట్నం నుంచి రెండు డ్రైవులు దిగాయి. ఒకటి కొత్తరకం, సన్న కేబులుది. రెండోది పాతరకం, వెడల్పు కేబులుది. వ్యానులో కంప్యూటరు అతనే బిగించింది. దాని బోర్డు పాతది, వెడల్పు కేబులుకే చోటుంది. అయినా ఎడ్వర్డు కొత్తదాన్నే పెడతానన్నాడు. మధ్యలో కన్వర్టరు తగిలిస్తే బ్రహ్మాండం బద్దలయ్యేలా పరిగెడుతుందన్నాడు.

మధ్యాహ్నం టీ వేళకి వ్యానుని బట్టీ ముందే ఆపి, ఎడ్వర్డూ హెలెనూ లోపలికి వెళ్ళారు. ఎడ్వర్డు పీట మీద కూర్చుని వ్యాను కంప్యూటరులోంచి ఊడదీసిన బోర్డు, కొత్త డ్రైవు, కన్వర్టరు చేటలో పెట్టాడు. సన్యాసమ్మ ఒక్కసారే చెరిగింది. డ్రైవు ఎగిరి తొక్కల కుప్పలో పడింది. కన్వర్టరు వెళ్ళి టీ గ్లాసులో పడింది.

"ముసిలోడికి కొత్త పెళ్ళాన్ని తెచ్చినావేటి అల్లుడా?" అంది సన్యాసమ్మ. బట్టీ అంతా ఘొల్లుమంది.

"తెలుసత్తా, నీ సేటకి తెలుసో లేదోనని సూసినాను," అంటూ ఎడ్వర్డు రెండోది పెట్టాడు.

ఆమె చెరిగింది. డ్రైవు బోర్డు దాకా జరిగింది, ఆగింది, చిన్న పిట్టలా లేచి ఎడ్వర్డు ఒళ్ళో వాలింది.

నవ్వులు తెగిపోయాయి. ముప్పై మంది ఆడవాళ్ళ చేతుల్లో పప్పు ఎక్కడిదక్కడే ఉండిపోయింది. ఎడ్వర్డు దాన్ని తీసి మళ్ళీ చేటలో పెట్టాడు. మళ్ళీ ఒళ్ళోకే. మూడోసారి బోర్డు మీద పెట్టి అరచేత్తో అదిమిపట్టాడు. అది వేళ్ళ సందులోంచి జారి, చొక్కా బొత్తాలకి తగిలి, ఒళ్ళోనే పడింది. ఆ క్షణాన పలాస స్టేషన్లో రైలు కూడా ఊపిరి బిగబట్టింది.

"ఓలమ్మ!" అంది ఎవరో.

"దీనికి నాతో ఏటి పని?" అన్నాడు ఎడ్వర్డు ఒళ్ళోకి చూస్తూ.

హెలెన్ మెల్లగా అంది. "ఇందులో మేం రాసేది రక్తం రిజల్టులే కదన్నా."

సన్యాసమ్మ చేట పక్కన పెట్టి అతని వైపు తిరిగింది. "సెయ్యి సాపు అల్లుడా. పప్పు ఎండిపోతంది, నాకవతల బోలెడు పనుంది."

పారిపోదామని గుమ్మం వైపు చూశాడు. గుమ్మంలో ఆడవాళ్ళు. ఒళ్ళో డ్రైవు. కళ్ళు గట్టిగా మూసుకుని చెయ్యి చాచాడు. సూది దిగినప్పుడు అతను పెట్టిన కేకకి మందస కొండ మీద మేకలు బెదిరి దిగిపోయాయి.

హెలెన్ వ్యానులోని యంత్రంలో రక్తం పెట్టింది. కాసేపటికి యంత్రం చూపిన అంకె చీటీ మీద రాసుకుని వచ్చింది.

"క్రియాటినిన్ ఒకటీ పాయింట్ తొమ్మిది."

"ఎంతుండాల?"

"ఒకటికి అటూ ఇటూ. పెరిగే కొద్దీ కిడ్నీ సెడినట్టు."

ఎడ్వర్డు నోరు తెరిచాడు. పుట్టాక మొదటిసారి ఎడ్వర్డు నోట మాట రాలేదని బట్టీ మొత్తానికి తెలిసింది.

"దావీదన్నకి తెలిసేసరికి తొమ్మిది దాటిపోయింది," హెలెన్ అతని పక్కన కింద కూర్చుంది. "నీకిప్పుడే తెలిసింది. డాక్టరు గారు మందులిత్తారు, చాన్నాళ్ళు ఆపొచ్చు. ఆ నొప్పి బిళ్ళలు మాత్రం కిడ్నీలని తినేత్తాయి, ఈ పూటే మానీ."

అతను జేబులోంచి బిళ్ళల అట్ట తీసి ఆమె చేతిలో పెట్టాడు. సన్యాసమ్మ అతని ఒళ్ళోంచి డ్రైవు తీసి చేటలో వేసి చెరిగింది. అది తిన్నగా బోర్డు దగ్గరికి పోయి, వెడల్పు కేబులు మూలకి చేరి, బల్లిలా కరుచుకుంది.

సోమవారం వ్యాను ఆ ఊళ్ళోకి దూకుతూ దూకుతూ వెళ్ళి కొబ్బరితోట పక్కన ఆగింది. జనం అల్లంత దూరంలో చేతులు కట్టుకుని నిలబడ్డారు. కంప్యూటరు చిటికెలో వెలిగింది. దాని పక్కన ఎడ్వర్డు కూర్చుని ఉన్నాడు.

వైకుంఠరావు అనే పెద్దరైతు ఒక్కడే దగ్గరికొచ్చాడు. "మూడుసార్లు ఇచ్చినాం. మా రగతం మీకు దోసపాదుకి నీళ్ళేటి?"

"ఈసారి పోదు మావా."

"నీకేటి తెలుసు? నువ్వేమైనా ఇచ్చినావా?"

ఎడ్వర్డు తెర అతని వైపు తిప్పాడు. మొదటి వరసలో ఎడ్వర్డు పేరు, ఊరు, క్రియాటినిన్ అంకె.

వైకుంఠరావు దావీదుని మోసిన నలుగురిలో ఒకడు. ఆ అంకెని రెండుసార్లు చదివాడు. ఎడ్వర్డు మొహంలోకి చూశాడు. తువ్వాలు భుజం మీంచి తీసి, మెట్టు మీద కూర్చుని, చెయ్యి చాచాడు.

హెలెన్ ప్రింటరులోంచి కాగితం తీసి ఇచ్చేసరికి అతని మోచేతి మడతలో దూది ఇంకా ఎర్రబడుతూనే ఉంది. ఆ కాగితాన్ని అతను తల మీదికెత్తి జనానికి చూపించాడు. వెనకాల మట్టిలో వ్యాను వైపు చెప్పుల చప్పుడు మొదలైంది.