డొల్ల చప్పుడు

స్లాబు కారితే ఆపడంలో తనంతటివాడు లేడని లీకుల మేస్త్రికి మహా గట్టి నమ్మకం. ఆ ధీమాతోనే కూతురికి పన్ను చూపించుకోవడానికి వెళ్ళి, నోరు తెరవాల్సిన చోట నోరు పారేసుకున్నాడు.

కూతురు పళ్ళ డాక్టరు. సొంతంగా క్లినిక్ పెట్టి మూడు వారాలైంది. అక్కడ తొలి రూట్ కెనాల్ తండ్రిదే. పంటి వేర్లలో కాలువలు శుభ్రం చేసి, ఇక మూసే వేళకి ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"ఏ సరుకు పెడుతున్నావ్?"

"రెండున్నాయి నాన్నా. లవంగనూనె కలిపే పాతదొకటి, సిరామిక్ పేస్టని కొత్తదొకటి. కొత్తది కాస్త తడి ఉన్నా గట్టిపడుతుంది. అదే పెడుతున్నా."

"తడి మీద ఏ సరుకూ నిలవదని ముప్పై ఏళ్ళుగా మొత్తుకుంటున్నా. పాతదే పెట్టు."

"ఇది గోడ కాదు నాన్నా. నోరు మూసుకో... అదే, తెరువు."

కొత్తదే పెట్టింది. రెండు మూడు రోజులు నొప్పి ఉంటుందనీ, పంటి జోలికి పోవద్దనీ చెప్పి పంపింది.

జోలికి పోకుండా ఉంటే మేస్త్రి ఎందుకవుతాడు! టైలు అతికించాక తాపీ పిడితో కొట్టి చూసి, డొల్ల చప్పుడొస్తే ఊడబీకించే మనిషి. మత్తు దిగగానే చెంచా కాడతో పన్ను మీద టకటకా కొట్టుకున్నాడు. ప్రాణం జివ్వుమంది. గంటాగి మళ్ళీ కొట్టాడు. పనికి వెళ్ళేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి, అన్నం తిన్నాక ఇంకోసారి. ఆరో రోజుకి దవడ పట్టుకుని మూలుగుతూనే, "కొత్త సరుకు పనికిరాదని ముందే చెప్పానా లేదా?" అని భార్య దగ్గర గొప్పలు కూడా పోయాడు.

కూతురు ఆయన్ని క్లినిక్‌కి రప్పించి, కుర్చీలో కూర్చోబెట్టి ఎక్స్‌రే తీసింది. మూడుసార్లు చూసింది.

"అంతా బాగానే కనిపిస్తోంది. నాకే ఏదో అర్థం కావట్లేదు. నిన్ను కాలేజీలో నాకు నేర్పిన మేడమ్ దగ్గరికి తీసుకెళ్తా. రేపు ఇంకొకావిడకి రూట్ కెనాల్ చెయ్యాలి, రావద్దని చెప్పేస్తాను. నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది నాన్నా."

ఆమె ఫోను అందుకోగానే మేస్త్రి చెయ్యడ్డం పెట్టాడు.

"ఆగు తల్లీ. నేనే... కొట్టాను."

"ఎవర్ని?"

"పన్నుని. చెంచాతో. చప్పుడు చూద్దామని. రోజుకో పదిసార్లు."

నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు.

"నొప్పి తగ్గలేదని నువ్వన్నప్పట్నుంచీ ఎక్కడ తప్పు చేశానా అని పుస్తకాలన్నీ తిరగేశాను. నా పని మీద నీకు నమ్మకం లేదా?"

ఉందని చెప్పేస్తే పోయేది. సిగ్గుతో చచ్చిపోతూనే నిజం చెప్పాడు.

"తప్పు దొరికితే చెప్దామనుకున్నానమ్మా. చిన్నప్పట్నుంచీ నీకన్నీ నేనే చెప్పాగా. ఇప్పుడు చెప్పడానికి ఏమీ లేకపోతే ఎలాగా అని..."

కూతురు ఆ రేపటి పేషెంటుకి ఫోను చేసి, పదింటికి తప్పకుండా రమ్మని చెప్పి, కళ్ళు తుడుచుకుంటూ చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళింది.

దిగాలో వద్దో కూతురొచ్చి చెప్పేదాకా మేస్త్రి కుర్చీలో బుద్ధిగా కూర్చున్నాడు.