కుడి మూల బటన్

సబీనాకు ఆ పూట కాలు ఒకచోట నిలవలేదు. మంగంపేటలో ముగ్గురాయి లారీలు తూచే కాటాకు కంప్యూటర్ ప్రోగ్రాం రాసింది ఆమే. తెర మీది బటన్లూ గళ్లూ కట్టే సరంజామాను టూల్‌కిట్ అంటారు; జీటీకే అనే పాత టూల్‌కిట్‌తో కట్టిన తెరలు కొత్త కంప్యూటర్‌లో మొరాయిస్తే, నెలంతా నిద్ర మానుకుని వాటిని క్యూటీ అనే కొత్తదానికి మార్చింది. ఇవాళ సవ్యంగా నడిస్తే యజమాని కంబన్న తన మిగతా కాటాలు కూడా ఆమెకే అప్పజెబుతాడు. నడవకపోతే హైదరాబాదు కంపెనీ కాచుకునే ఉంది.

కాటా గదిలో తూకాలు చూసేది ఎవరో కాదు, సొంత అన్న ఫారూఖ్. మరి భయమెందుకంటారా? భయానికి బంధుత్వాలు తెలిసి చస్తేగా!

మొదటి లారీ కాటా ఎక్కింది. డ్రైవరు నంబరు అరిచాడు, ఫారూఖ్ తడుముకోకుండా కొట్టాడు, బరువు దానంతటదే పడింది. మౌస్‌ను కుడి మూలకు నెట్టి నొక్కాడు. చీటీ రాలేదు. తూకం రద్దయింది.

"భాయ్, ఆ మూలది ఇప్పుడు రద్దు. సేవ్ దాని ఎడమ పక్కకు వచ్చినాది," అంది సబీనా. కొత్త టూల్‌కిట్ పద్ధతి అది. ఆమె అలాగే వదిలేసింది.

"చూసినాలే," అన్నాడు ఫారూఖ్. ఈసారి మౌస్‌ను ఎడమ మూల దాకా నెట్టి, ఏమీలేని చోట టకటకా నొక్కుతూ కూర్చున్నాడు. సేవ్ అనే మాట తెర మీద బొటనవేలంత ఉంది. సబీనాకు అప్పుడు తెలిసింది. అన్నకు కనపడటం లేదు.

బయట హారన్లు మోగుతున్నాయి. కంబన్న లోపలికి దూసుకొచ్చాడు. "ఏందమ్మా ఇది? లారీలు రోడ్డు దాకా నిలబడినాయి. హైదరాబాదోళ్లకు ఫోన్ కొడతాండా."

"తప్పు నాదే సార్," అంది సబీనా గబగబా. "బటన్లు తారుమారు చేసినా. నా ప్రోగ్రామే సరిగ్గా లేదు."

కంబన్న ఫోను తీశాడు. ఫారూఖ్ కుర్చీలోంచి లేచాడు.

"పాప పనిలో తప్పేం లేదు సార్. నాకే కండ్లు ఆనడం లేదు. శానా దినాలుగా బటన్ ఎక్కడుంటాదో గుర్తుపెట్టుకుని నొక్కుతాండా."

కంబన్న ఫోను జేబులో వేసుకున్నాడు.

"అంటే ప్రోగ్రాం బాగానే ఉండాది," అన్నాడు, ఫారూఖ్ లేచిన కుర్చీ వైపు చూస్తూ.

సబీనా నెలంతా ఎదురుచూసింది ఆ మాట కోసమే. ఇప్పుడది వింటుంటే ఆమెకు ఏడుపు ఆగలేదు.