మేనత్త వెతకని చోటు

ఆ ఆదివారం నంతోంగో ఇంట్లో భోజనానికి వచ్చిన ఆడవాళ్ళు పదకొండు మంది. వాళ్ళు తెచ్చిన మందులు మాత్రం పద్నాలుగు. అరటికాయ ముద్ద మటోకే, పల్లీల పులుసు ముగిసేలోపే ఒకరు వేరూ, ఒకరు ఆకూ, ఒకరు ప్రార్థన చేసిన నూనె సీసా ఆమె ఒళ్ళో పెట్టారు. ముప్పై తొమ్మిదేళ్ళ నంతోంగో మోకాళ్ళ మీద కూర్చుని అన్నిటినీ రెండు చేతులా అందుకుంది. పెళ్ళయి తొమ్మిదేళ్ళయినా ఒడి నిండని ఆడదానికి కంపాలాలో ప్రతి మనిషీ వైద్యుడే.

ఆమె భర్త కిబీరిగె అప్పుడే తువ్వాలు భుజాన వేసుకుని సౌనాకు బయల్దేరాడు. సాయంత్రమైతే ఆ వేడి గదిలో స్నేహితులతో కూర్చుని చెమట పట్టనిదే అతనికి నిద్ర పట్టదు.

"అల్లుడికి ఏ మందూ తేలేదేమర్రా?" అని పక్కింటి ముసలమ్మ అడిగింది.

"నాకెందుకమ్మా? మసాకా ఊళ్ళో నా మందు ఏడో తరగతి చదువుతోంది" అన్నాడతను. అందరూ నవ్వారు. పెళ్ళికి ముందు పుట్టిన ఆ కూతురే అతని సర్టిఫికెట్.

నంతోంగో మేనత్త కూడా నవ్వింది. సెంగ అంటారామెను. మేనకోడలికి పెళ్ళికి ముందు కాపురం నేర్పే బాధ్యత సెంగది. ఈమె ఆ ఉద్యోగం ఇంకా వదల్లేదు. "వెళ్ళనీవే. ఒళ్ళు వేడెక్కితే మగవాడికి సత్తువ. నువ్వు తువ్వాలు శుభ్రంగా ఉతికి పెట్టు, చాలు" అంది.

నంతోంగో ఉతికి పెట్టింది. కషాయాలు తాగింది. పొట్టకు సూదులు పొడిపించుకుని రెండుసార్లు ఐవీఎఫ్ కూడా చేయించుకుంది. రెండుసార్లూ పిండాలు మూడోరోజు దాకా చక్కగా పెరిగి, ఐదోరోజుకు ఆగిపోయాయి. "భర్తగారి వీర్యకణాల కౌంటు బాగుంది. లోపం అండాలదే" అన్నాడు పాత డాక్టరు. కిబీరిగె ఆ కౌంటును ఫుట్‌బాల్ స్కోరులాగా సౌనాలో అందరికీ చెప్పుకున్నాడు.

మూడోసారికి ఆ ఆసుపత్రికి కొత్త డాక్టరు వచ్చింది. పేరు అకెల్లో. ఆమె ఫైలు తిరగేసింది. భార్య గురించి నలభై పేజీలు, భర్త గురించి ఒకటిన్నర వాక్యం. ఆవిడ ఇద్దరికీ మళ్ళీ పరీక్షలు రాసి, నంతోంగోకు అండాలు పెరిగే మందులు మొదలుపెట్టింది. ఫలితాల రోజున సెంగ కూడా వెంట వచ్చింది.

"సంఖ్య ఉంది, కదలికా ఉంది. కానీ వీర్యకణాల లోపలి డీఎన్ఏ చాలావరకు చిరిగిపోయింది" అని డాక్టర్ అకెల్లో నెమ్మదిగా చెప్పింది. "మొదటి మూడు రోజులూ పిండం దాదాపు తల్లి అండం సత్తువతోనే నడుస్తుంది. ఆ తర్వాత తండ్రి వంతు. అది పనిచేయాల్సిన చోటే ఆగిపోతున్నట్టుంది. మీరు సౌనాకు వెళ్తారా?"

"రోజూ. పెళ్ళయినప్పటి నుంచీ."

"సిగరెట్లు?"

"అక్కడ నలుగురూ కూర్చుంటాం కదా, డాక్టరుగారూ. ఒకటికి రెండు పెట్టెలవుతాయి. కానీ నాకో కూతురుంది."

"ఆమె పుట్టే నాటికి కూడా రోజూ వెళ్ళేవారా?"

కిబీరిగె తల గోక్కున్నాడు. "అప్పుడు నా దగ్గర బస్సు చార్జీలకే గతి లేదండీ. సౌనా ఎక్కడ?"

"ఆ వేడీ, ఆ పొగా కలిసి కణాలను లోపల చింపేస్తాయి. ఆ రెండూ మానేయండి. కొత్త కణాలు తయారవడానికి మూడు నెలలు పడుతుంది. చాలామందికి బాగుపడుతుంది."

అతని ముఖం వెలిగింది. "అయితే నాది నయమయ్యేదే."

"మీది" అంటూ డాక్టరు మరో కాగితం తీసింది. "నాలుగేళ్ళ క్రితం మీ ఆవిడ దగ్గర పద్నాలుగు అండాలు దొరికాయి. మొన్నటి స్కాన్లో ఒక్కటి కనిపించింది. మందులిచ్చినా అది పెరగలేదు. ఇక ఆశ పెట్టుకోమని చెప్పలేను."

నంతోంగో భర్త వైపు చూసింది.

"నిన్ను మూడు నెలలే అడిగేవాళ్ళు" అంది. "నేను తొమ్మిదేళ్ళిచ్చాను."

"నన్నెవరూ అడగలేదు కదా" అన్నాడతను. అబద్ధం కాదు. అబద్ధమైనా బాగుండేది.

సెంగ మేనకోడలి చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. బయట బల్లల మీద ఆడవాళ్ళే వరసగా కూర్చున్నారు, ఒడిలో ఫైళ్ళు పెట్టుకుని.

"మీ మగవాళ్ళెక్కడమ్మా?" అని అడిగింది సెంగ.

"కారు దగ్గరున్నారవ్వా" అంది ఒకామె.

"కారుకు పిల్లలు పుట్టరు. లోపలికి పిలవండి."

ఒకరిద్దరు నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయారు.

"నేను దీని సెంగని. ఆడపిల్లను దిద్దడమే నాకు తెలిసిన పని. తొమ్మిదేళ్ళు దీని కడుపులోనే వెతికాను. పక్కనున్న మగవాణ్ణి నేనే ఆవిరికి పంపి, తువ్వాలు దీనిచేత ఉతికించాను. ఆ పాత డాక్టరు చేసిన తప్పే నేనూ చేశాను. చదువుకోని దాన్ని కాబట్టి నాకు జీతం లేదు, అంతే తేడా. బిడ్డ కావాలని వచ్చిన మొదటి రోజునే ఇద్దరికీ పరీక్ష చేయమని అడగండి, సంఖ్య చూసి సరిపెట్టుకోకండి. మగవాడి లోపం తెలుసుకోవడానికి కొన్ని రోజులు చాలు. దాన్ని దాచడానికే ఒక ఆడదాని వయసంతా పడుతుంది."