ఎర్ర అంచు బట్ట

బట్టలారేసే తాడు కోసి, ఆ తాడుతోనే డోర్కస్ చేతులు కట్టారు.

మధ్యాహ్న భోజనాలకు మిల్లు గేటు తెరిచారు. నేత గదుల్లోని ఆడవాళ్ళు కాలువ వంతెన దాటి తమ వసతి ఇళ్ళకు పరుగెడుతున్నారు. ముప్పై నిమిషాల్లో తినేసి మళ్ళీ మగ్గాల ముందు నిలబడాలి. లవీనా తమ ఇంటి పెరటి దగ్గరకు వచ్చేసరికి అక్కడ గుర్రబ్బండి ఆగి ఉంది. ఒక అధికారి, బానిసలుండే దక్షిణాది రాష్ట్రాల యాసలో మాట్లాడే ఇద్దరు మనుషులు డోర్కస్‌ను బండెక్కిస్తున్నారు. తెగిన తాడు నుంచి జారిన కాలర్లు, ఏప్రన్లు బురదలో పడి ఉన్నాయి. అన్నీ ఆ ఇంటి అమ్మాయిలవే. పొద్దుటి నుంచీ ఆమె ఉతికి గంజి పెట్టినవే.

చూస్తుండగానే రెండు వందల మంది పోగయ్యారు. అధికారి కాగితం చదివాడు. యజమాని దగ్గర నుంచి పారిపోయిన బానిస ఏ రాష్ట్రంలో దొరికినా పట్టి అప్పగించాలని చట్టం. అడ్డొచ్చిన వాళ్ళకు జైలు. అయినా జనం చెదరలేదు. లవీనా ముందుకు వెళ్ళి గుర్రం కళ్ళెం పట్టుకుంది. గుర్రం ముక్కుల్లోంచి వస్తున్న ఆవిరి ఆమె వేళ్ళకు వెచ్చగా తగిలింది.

అప్పుడు మిల్లు గంట మోగింది.

ఎవరూ ఆలోచించి వెళ్ళలేదు. అదే సిగ్గుచేటు. ఏళ్ళ తరబడి ఆ గంటకు లేచి, ఆ గంటకు తిని, ఆ గంటకు నడిచిన కాళ్ళు వాటంతటవే గేటు వైపు తిరిగాయి. కళ్ళాన్ని తన చెయ్యి ఎప్పుడు వదిలిందో లవీనాకే తెలియదు.

డోర్కస్ బండి మీద నుంచి ఆమెనే చూస్తోంది.

"వెళ్ళు లవీనా. గేటు మూసేస్తారు," అంది.

అది ఎత్తిపొడుపు కాదు. ఎత్తిపొడిచినా బాగుండేది.

లవీనా మగ్గం చట్రానికి ఒక అచ్చు కాగితం అంటించి ఉంది. మిల్లులోకి పుస్తకాలు తేకూడదు. విడి కాగితమైతే మేస్త్రీ ప్రాట్ చూసీచూడనట్టు ఊరుకునేవాడు. అది ఊరూరా చదువుతున్న నవలలో పేజీ. బానిసల బతుకు గురించి ఒక ఆడమనిషి రాసిన నవల. టాటిల్ అత్త నడిపే వసతి ఇంట్లో దాని కుట్టు విప్పి, భాగాలుగా పంచుకుని చదివారు. సాయంత్రం భోజనాలయ్యాక ఒకరు పైకి చదివితే మిగతావాళ్ళు ఏప్రన్లతో కళ్ళు ఒత్తుకునేవారు. ఆ నవల చదివాకే చక్కెర మానేశారు, చెరకు తోటల్లో బానిసల చెమట ఉందని. చేదు కాఫీ తాగుతూ ఒకరి మొహం ఒకరు గర్వంగా చూసుకునేవారు.

డోర్కస్‌ను కూడా వినమని వంటింటి గుమ్మం దగ్గర కూర్చోబెట్టారు. ఇల్లు నడిపే ఆవిడ అందరికీ అత్త. నలభై దాటిన డోర్కస్‌ను మాత్రం పద్దెనిమిదేళ్ళ పిల్ల కూడా పేరు పెట్టి పిలిచేది. అది తప్పని ఏ ఒక్కరికీ తోచలేదు.

ఒక సాయంత్రం నవలలో పసిబిడ్డను తల్లి నుంచి వేరు చేసే చోట అందరూ వెక్కివెక్కి ఏడ్చారు. డోర్కస్ ఏడవలేదు. వేడి గిన్నెలు దించే మసిగుడ్డను చేతిలో మడతపెడుతూ కూర్చుంది. మిల్లు నుంచి లవీనా తెచ్చిన ముక్క అది. ముతక బట్ట, అంచున ఎర్ర పోగు.

"ఇందులో వాళ్ళకు బట్ట ఎవరు నేస్తారో రాయలేదా?" అని అడిగింది.

గుడ్డ అంచున ఎర్ర పోగు మీద వేలు పెట్టి చూపించింది.

"తోటలో మాకు ఏడాదికొక జత ఇచ్చేవారు. కొత్తలో ఒళ్ళంతా గీరుకుపోయేది. ఈ ఎర్ర అంచు నాకు పుట్టిన దగ్గర నుంచీ తెలుసు. ఎక్కడ నేస్తారో మాత్రం ఇక్కడికొచ్చాకే తెలిసింది."

లవీనా పేజీ తిప్పి మళ్ళీ చదవడం మొదలుపెట్టింది. మర్నాడు అదే బట్ట నేసింది.

అక్కడితో ఆగినా బాగుండేది. మిల్లు అమ్మాయిలు తామే రాసి అచ్చు వేయించుకునే పత్రిక ఒకటుంది. 'మా గుమ్మంలో కూర్చున్న మనిషి' అని లవీనా అందులో ఒక వ్యాసం రాసింది. పేరు మార్చింది. ఎడమ మణికట్టు మీది కాలిన మచ్చను మార్చలేదు. కాలువ పక్కన మూడో ఇంటిని మార్చలేదు. అవి లేకపోతే నిజంలా ఉండదనుకుంది. ఆ నవల రాసినావిడలా తానూ పదిమంది చేత కంటతడి పెట్టించాలనుకుంది.

డోర్కస్‌ను పట్టుకెళ్ళిన ఆ మధ్యాహ్నమే మేస్త్రీ ప్రాట్ లవీనా మగ్గం దగ్గర ఆగాడు. ఆమె వ్యాసం బాగుందట అన్నాడు. మిల్లు అమ్మాయిలు ఎంత చదువుకున్నవాళ్ళో చూపించడానికి మేనేజర్ ఆ పత్రికను సరుకు కొనడానికి వచ్చేవాళ్ళకు ఇస్తుంటాడట. దక్షిణాది నుంచి వచ్చిన ఇద్దరైతే రెండుసార్లు చదివారట.

ఎర్ర అంచు బట్ట కొనేది దక్షిణాది తోటల వాళ్ళే. ఇంకెవరు కొంటారు?

ఆ సాయంత్రం వసతి ఇంట్లో కూర గిన్నెను ఎవరూ ముట్టలేదు. పక్క ఇళ్ళ వాళ్ళు కూడా వచ్చారు. లవీనా లేచి నిలబడి, తల ఎత్తకుండా, పట్టించింది తన రాతేనని చెప్పింది. ఏప్రన్‌తో మొహం కప్పుకుని ఏడ్చింది. ఎవరో ఓదార్చబోయారు.

"ఓదార్చకండి, ఏడవనీయండి," అంది హనోరా. ఐర్లాండులో కరువు తరిమితే వచ్చిన మనిషి, నూలు గదిలో పని. "కన్నీళ్ళకేం, రేపు గంట కొడితే అవే ఆగిపోతాయి."

"నువ్వు మాత్రం వెళ్ళలేదా గంటకి?" అని అదే ఇంట్లో ఉండే ఆల్మైరా ఎగిరింది.

"వెళ్ళాను. అందరికంటే ముందు వెళ్ళాను. అందుకే అంటున్నా."

వాదన ముదిరింది. తన జీతం మీదే తమ్ముడు పాదిరీ చదువు చదువుతున్నాడని ఆల్మైరా గుర్తుచేసింది. ఇల్లు మిల్లుదని, తాళం పెడితే తాను వీధిన పడతానని టాటిల్ అత్త గొణిగింది. ఒకామె మేనేజరుకు అర్జీ పెడదామంది. ఇంకొకామె ప్రార్థన చేద్దామంది.

హనోరా బల్ల మీదికి మసిగుడ్డ విసిరింది. ఎర్ర అంచు దీపం వెలుగులో కనబడింది.

"లవీనా ఒక్కసారి రాసింది. మనం రోజూ నేస్తున్నాం. ఎవరిది పెద్ద తప్పో మీరే చెప్పండి. డోర్కస్‌ను కోర్టులో ఉంచారు. అక్కడి నుంచి స్టేషనుకు ఈ వంతెన తప్ప దారి లేదు. రేపు మధ్యాహ్నం రైలుకే తీసుకెళ్తారు. మనం భోజనానికి బయటికొచ్చే వేళకే."

చివరికి ఆల్మైరా ఆ గుడ్డను మడిచి ఏప్రన్ జేబులో పెట్టుకుంది. వస్తానని గానీ రానని గానీ అనలేదు.

మర్నాడు గేటు తెరవగానే ఎవరూ ఇళ్ళకు వెళ్ళలేదు. వంతెన ఈ చివర నుంచి ఆ చివరకు నిండిపోయింది. బండి వచ్చి ఆగింది. డోర్కస్ అధికారుల మధ్య కూర్చుని ఉంది. తప్పుకోమని కేకలేశారు. తుపాకీ చూపించారు. రేవులో సరుకు ఎత్తే మగవాళ్ళు కొందరు వచ్చి వెనుక నిలబడ్డారు.

గంట మోగింది.

లవీనా కాళ్ళు గేటు వైపు తిరగబోయాయి. పక్కనున్న ఆమె చెయ్యిని గట్టిగా పట్టుకుంది. అది ఆల్మైరా చెయ్యి. అదీ తిరిగి గట్టిగా పట్టుకుంది. వరుసలో ఎక్కడో ఒకామె వెక్కుతూ, "వెళ్ళను, వెళ్ళను," అని తనకు తానే చెప్పుకుంటోంది. గంట ఆగింది. గేటు మూసుకున్న చప్పుడు వినిపించింది. ఒక్క కాలూ కదల్లేదు.

కాసేపటికి గంట రెండోసారి మోగింది. మిల్లు పెట్టిన దగ్గర నుంచీ అలా ఎన్నడూ జరగలేదు. జనంలో ఎవరో నవ్వారు. నవ్వు వరుస వెంట పాకింది.

సైనికులు వచ్చి తుపాకీ మడమలతో నెట్టే లోపు స్టేషన్ వైపు నుంచి రైలు కూత వినబడింది. రైలు డోర్కస్ లేకుండానే వెళ్ళిపోయింది.

పదకొండు మందిని పట్టుకున్నారు. కళ్ళెం పట్టుకుని వేలాడుతున్న లవీనాను వేళ్ళు విడదీసి లాగి, డోర్కస్ ఉన్న బండిలోనే పడేశారు. బండి జైలు వైపు తిరిగింది.

క్షమించమని అడగడానికి నోరు రాలేదు లవీనాకు. అడిగి ఆ భారం కూడా డోర్కస్ మీదే పెట్టాలా అనిపించింది.

"రేపు ఇంకో రైలుంది. తెలుసుగా?" అంది డోర్కస్.

"తెలుసు. రేపూ నిలబడతారు."

డోర్కస్ వంతెన వైపు చూసింది. నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు.

"ఇదీ రాస్తావా?"

"రాయను," అంది లవీనా తల దించుకుని.

"రాయి. ఈసారి నా మచ్చ గురించి వద్దు. మీరు నేసే బట్ట గురించి రాయి."

వెనక మూడోసారి గంట మోగుతోంది. లవీనా తల తిప్పి చూసింది. వంతెన ఖాళీ కాలేదు.