ఏడో నంబరు ల్యాబు

కోస్తా జిల్లాల కొలతల శాస్త్ర సంఘం వార్షిక సమావేశం ఆ ఏడు గూడూరులో, స్టేషను ఎదురుగా ఉన్న లాడ్జి మేడమీది హాల్లో జరిగింది. ముప్పై మంది దాకా వచ్చారు. కార్యదర్శి జయకుమార్ లేచి ఏడాది పనుల నివేదిక చదివాడు. మే నెల ఇరవైన కొలతల దినం జరిపారు. నిమ్మకాయల మార్కెట్లో పద్నాలుగు కాటాలు పరీక్షించి మూడింటి లోపం పట్టుకున్నారు. సంఘం పత్రిక సంచికలన్నీ వేళకు తెచ్చారు. చదువుతున్నంతసేపూ అతని గొంతు ఒక్కసారి కూడా తడబడలేదు. ఎవరో తన పేరు పెట్టుకుని అక్కడ నిలబడి చదువుతున్నట్టు, తను వెనక వరసలో కూర్చుని వింటున్నట్టు అనిపించింది అతనికి.

తర్వాత అధ్యక్షుడు విజయభాస్కర్ లేచాడు. అందరూ ఎదురుచూసేది దీనికోసమే. ప్రతి ఏడూ సంఘం ఒక ప్రెషర్ గేజిని చెక్కపెట్టెలో పెట్టి ల్యాబునుంచి ల్యాబుకు తిప్పుతుంది. ఎవరికి వాళ్లు తమ దగ్గర ప్రమాణంగా ఉంచుకున్న మాస్టర్ గేజి పక్కన పెట్టి దాన్ని కొలిచి, వచ్చిన అంకె పంపాలి. ఎవరి అంకె ఎంత తప్పిందో సమావేశంలో చదువుతారు. పేర్లు మాత్రం చదవరు. ఒక్కో ల్యాబుకు ఒక నంబరు ఉంటుంది. అది ఎవరిదో ఆ ల్యాబు వాళ్లకూ అధ్యక్షుడికీ తప్ప ఇంకెవరికీ తెలియదు. పరువు పోతుందనే భయం ఉంటే ఎవడూ నిజం అంకె పంపడని, సంఘం మొదలుపెట్టినవాళ్లు చేసుకున్న కట్టుబాటు అది.

తొమ్మిది ల్యాబుల్లో ఎనిమిదింటి అంకెలు దగ్గర దగ్గరగా వచ్చాయి. ఏడో నంబరు ల్యాబు మాత్రం పదహారు కేజీల ఒత్తిడిని పద్నాలుగని చెప్పింది.

"ఏడో నంబరాయన మాస్టర్ గేజి బదులు చేపల కాటా పెట్టినట్టున్నాడు," అన్నాడు వెనకనుంచి రమణయ్య. హాలంతా నవ్వింది. జయకుమార్ కూడా నవ్వాడు.

ఏడో నంబరు అతనిదే.

నవ్వు ఇంకా మొహం మీద ఉండగానే అతను దాన్ని గుర్తుపట్టాడు. జులైలో, మైపాడు దారిలోని ఐసు ఫ్యాక్టరీలో నవ్విన నవ్వు అది.

ఆ రోజు అక్కడి అమ్మోనియా పైపు మీది గేజిని పరీక్షించడానికి వెళ్లాడు. ఇందుకూరుపేట దాటాక బండి గుంతలో పడి, వెనక కట్టిన సంచి రోడ్డు మీదికి జారింది. సంచిలో మాస్టర్ గేజి ఉంది. తీసి చూశాడు. అద్దం పగల్లేదు. ముల్లు సున్నా మీదే ఉంది. దాని మీది పరీక్ష స్టిక్కరుకు ఇంకా అయిదు నెలల గడువుంది. అలాంటి గేజిలో సున్నా దగ్గర ముల్లుకు అడ్డంగా సన్నని పిన్ను ఒకటి ఉంటుంది. దెబ్బకు ముల్లు ఎంత వెనక్కి జరిగినా ఆ పిన్నుకు ఆనుకుని, సున్నా మీద ఉన్నట్టే కనిపిస్తుంది. కొత్తగా పనిలో చేరినవాళ్లకు అతను మొదట చెప్పే పాఠమే ఇది. కింద పడిన గేజిని మళ్లీ పరీక్ష చేయించకుండా వాడకూడదని పత్రికలో రాసిందీ అతనే. కానీ ఎండ మాడుతోంది. వెనక్కి నెల్లూరులోని తన ల్యాబుకు పోతే ఆ రోజు పోయినట్టే. స్టిక్కరు చూస్తే బాగానే ఉంది.

ఫ్యాక్టరీ గేజి మాస్టర్ కంటే రెండు కేజీలు ఎక్కువ చూపించింది. జయకుమార్ దాని ముల్లు తిప్పి మాస్టర్‌తో సమానం చేశాడు. సరిగ్గా ఉన్నదాన్ని చెడగొట్టి, సర్టిఫికెట్ కింద సంతకం పెట్టాడు.

ఆపరేటర్ మాల్యాద్రి పదిహేనేళ్లుగా ఆ కంప్రెసర్ పక్కనే పనిచేస్తున్నాడు. మిషను మళ్లీ నడిపించి, కాసేపు తల వంచి విన్నాడు.

"ముల్లు పద్నాలుగు కాడ ఉండాది గానీ సార్, మోత పద్నాలుగుది కాదు. ఇది పదహారు మోత."

"చెవితో కొలిస్తే సర్టిఫికెట్ ఎవరిస్తారు మాల్యాద్రీ? నీ చెవికి కూడా స్టిక్కరు వెయ్యమంటావా?" అని నవ్వాడు జయకుమార్. మర్యాద కోసం మాల్యాద్రి కూడా నవ్వాడు.

సెప్టెంబరులో ఒక ఉదయం పైపు పగిలింది. మాల్యాద్రీ, ఐసు పగలగొట్టే గంగాభవానీ బయటికి రాలేకపోయారు. ఒత్తిడి పెరుగుతుంటే ఆపరేటర్ చూసుకోలేదని యజమాని అన్నాడు. తాగి పడుకున్నాడని ఊరు అంది. గంగాభవాని ఇంటివాళ్లు అప్పటినుంచి మాల్యాద్రి భార్య మస్తానమ్మను బోరింగు దగ్గరికి రానివ్వడం లేదు. ఇవన్నీ జయకుమార్ చెవిన పడుతూనే ఉన్నాయి. ఆగస్టులో సంఘం పెట్టె వచ్చినప్పుడు వాడిన మాస్టర్ గేజిని, ప్రమాదం కబురు విన్న నాటినుంచి బీరువాలోంచి తియ్యలేదు. తీసి చూడనంతకాలం అది సరిగ్గానే ఉండి ఉండవచ్చు. బీరువాకు ఎదురుగా కూర్చుని రోజూ ఒక్కడే టిఫిను తినేవాడు. ఒకరోజు బీరువా కనబడకుండా కుర్చీని అవతలికి తిప్పుకున్నాడు.

టీ తాగే వేళ విజయభాస్కర్ అతన్ని పక్కగదికి పిలిచాడు. బల్ల మీద ఒక కాగితం ఉంది. ప్రమాదం మీద విచారణ చేస్తున్న అధికారి సంఘం అభిప్రాయం అడిగాడు. జవాబు టైపు చేసి ఉంది. గేజి సర్టిఫికెట్ సక్రమంగా ఉంది, కొలతకు వాడిన మాస్టర్ గేజి గడువు లోపలే ఉంది. అధ్యక్షుడి సంతకం అయిపోయింది. కార్యదర్శిది మిగిలింది.

"అబద్ధం ఒక్క ముక్క లేదు, చూసుకో," అన్నాడు విజయభాస్కర్.

"ఏడో నంబరు ఎవరో నీకు తెలుసు గదన్నా."

"తెలిసింది చెప్పకూడదనే గదయ్యా కట్టుబాటు. ఒక్కసారి నేను నోరిప్పితే వచ్చే ఏడు ఒక్కడు కూడా నిజం అంకె పంపడు. పోయినవాళ్లు ఎట్లాగూ తిరిగి రారు."

ఆ మాటలో నిజం ఉంది. జయకుమార్‌ను భయపెట్టింది కూడా ఆ నిజమే. దాక్కోవడానికి చోటు వెతుక్కునే మనిషికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. లోపలికి వెళ్లి తలుపు వేసుకుంటే చాలు, బయటినుంచి అందరూ దాన్ని నిజాయితీ అంటారు. పెన్ను తీశాడు. మాల్యాద్రి నవ్వు గుర్తొచ్చింది. తనకు తెలిసినదాన్ని పక్కన పెట్టేసి, ఎదుటివాడి చదువుకు గౌరవమిచ్చి నవ్విన నవ్వు.

టైపు చేసిన జవాబు కింద చేత్తో రాశాడు. 'ఏడో నంబరు ల్యాబు నాది. జులైలో కింద పడిన మాస్టర్‌తో ఈ గేజిని కొలిచి, రెండు కేజీలు తక్కువ చూపేట్టు తిప్పింది నేను. ఆపరేటర్ అప్పుడే చెప్పాడు. నేను వినలేదు.' దాని కింద సంతకం పెట్టాడు.

విజయభాస్కర్ చదివి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "నీ నంబరు నువ్వు చెప్పుకోవడానికి కట్టుబాటు అడ్డం రాదులే," అన్నాడు.

స్టేషను దగ్గర ఆ కాగితానికి జిరాక్సు తీయించుకుని, మరునాటి ఉదయం జయకుమార్ మస్తానమ్మ ఇంటికి వెళ్లాడు. దారి పొడవునా ఆమె తిట్టే తిట్లు ఊహించుకుంటూ పోయాడు. వాటికోసం ఎదురుచూస్తున్నానని కూడా అతనికి తెలుసు. ఆమె వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. నిలబడే అంతా చెప్పాడు. ఆమె చెయ్యి ఆగిపోయింది.

"అయితే మోత నిజమేనా సార్?"

"నిజమే. పదహారే."

"ఇంటికొచ్చి రోజూ అదే మాట చెప్పినాడు, మోత మారింది, మోత మారింది అని. ఒకరోజు పనికి పోనన్నాడు." ఆమె చేపల వైపే చూస్తోంది. "సారు మిషను పెట్టి చూసి పోయినాడు, ఆయనకంటే నీకెక్కువ తెలుసా అని నేనే పంపించినాను."

జయకుమార్ బరువు దించుకుందామని వచ్చాడు. తను దించింది ఆమె ఎత్తుకుంది, తన బరువు తన మీద అలాగే ఉంది.

మస్తానమ్మ లేచి, చేతులు చీరకు తుడుచుకుని, అతని చేతిలోని కాగితం చూసింది.

"నాకు చదవను రాదు. బోరింగు కాడ చదవండి సార్. నేను చెప్తే వాళ్లు వినరు."

ఆమె బిందె తీసుకుని ముందు నడిచింది. బోరింగు దగ్గర నలుగురైదుగురు ఆడవాళ్లు ఉన్నారు. గంగాభవాని అత్త పంపు కొట్టడం ఆపి, బిందెకు అడ్డంగా నిలబడింది. జయకుమార్ కాగితం మడత విప్పాడు. నోరు తెరిచాడు. 'ఏడో నంబరు ల్యాబు' అని తడబడి ఆగాడు. మస్తానమ్మ బిందె కింద పెట్టి, అతని వైపు తిరక్కుండా, అలాగే నిలబడి ఉంది.

మొదటి మాట దగ్గర మళ్లీ మొదలుపెట్టాడు.