పిల్లలకో చోటు

ఇస్త్రీ రోలరు నోట్లోంచి దుప్పటి బయటికి రాగానే రెండు కొసలూ పట్టుకోవాలి. ఎడమ పక్క ఒకరు, కుడి పక్క ఒకరు. వేళ్ళు కాలేలోపు సగానికి మడిచి, మళ్ళీ సగానికి మడిచి బల్ల మీద పడేయాలి. అప్పటికే ఇంకో దుప్పటి మూతి బయటపెట్టి ఉంటుంది. ఎడమ పక్క పొడుగమ్మ, కుడి పక్క పొట్టక్క. ఆసుపత్రి వెనకాల ఉన్న ఆ లాండ్రీలో వాళ్ళిద్దర్నీ నిచ్చెనా స్టూలూ అంటారు. వాళ్ళు పట్టిన దుప్పటి ఎప్పుడూ ఒక పక్కకి వాలే ఉంటుంది.

అక్కడ పని జోడీ లెక్కన. ఒకరు రాకపోతే రెండో మనిషికీ ఆ రోజు కూలి లేదు. ఒక్క మనిషి దుప్పటి మడవలేదు గదా అని మేనేజరు చెప్పిన న్యాయం. ఒళ్ళు కాలిపోతున్నా, ఇంట్లో ఏడుపులు వినపడుతున్నా ఆడది వచ్చి మిషను ముందు నిలబడుతుంది. మేనేజరుకి భయపడి కాదు, పక్కదాని కడుపు కొట్టలేక. ఆడదానికి ఆడదాన్నే కాపలా పెట్టి, ఆ కాపలాకి జీతం కూడా ఇవ్వక్కర్లేకుండా చేసుకున్న తెలివి అది.

రేపటి నుంచి బడికి సెలవులు. ఎండాకాలం అయ్యేదాకా బడి తలుపు తెరవరు. లోకంలో పిల్లలందరూ ఎగిరి గంతేసే రోజు. పొడుగమ్మకి మాత్రం వారం నుంచీ ముద్ద గొంతు దిగటం లేదు. ఆమెకి ఆరేళ్ళ ఆడపిల్ల, నాలుగేళ్ళ మగపిల్లాడు. వాళ్ళ నాన్న లారీ మీద వెళ్ళి, ఇంకో ఊళ్ళో ఇంకో సంసారం చూసుకున్నాడు. ఆమె పనిలో ఉన్నంతసేపూ ఆ పిల్లల్ని చూసే దిక్కు ఆ బడి ఒక్కటే.

పోయినేడు సెలవుల్లో ముందు ఇంట్లోనే పెట్టింది. రేకుల కప్పు గది. లోపల పిల్లలు, బయట తాళం. ఆ వీధిలో తల్లులంతా చేసే పనే, ఎవరూ తప్పనుకోరు. ఒక మధ్యాహ్నం చిన్నోడు సొమ్మసిల్లాడు. పెద్దది కిటికీ ఊచలు పట్టుకుని అరిచీ అరిచీ గొంతు పోగొట్టుకుంది. తాళం బద్దలుకొట్టింది దారిన పోయే పాలవాడు.

తర్వాత లాండ్రీకే తెచ్చింది. ఉతికిన బట్టలు మోసే పెద్ద తోపుడు బండ్లు ఉంటాయక్కడ, కాన్వాసు గుడ్డతో తొట్టెల్లా. వాటి అడుగున రెండు దుప్పట్లు పరిస్తే అంతకంటే మెత్తటి పక్క ఆ ఊళ్ళో లేదు. ఇద్దర్నీ చెరొక బండిలో పడుకోబెట్టి, పైన పల్చటి గుడ్డ కప్పి, సూపర్‌వైజరు రాగానే గప్‌చుప్ అని నేర్పింది. పిల్లాడు గప్‌చుప్‌గా నిద్రపోయాడు. వార్డు నుంచి వచ్చిన తోటీ ఖాళీ బండే అనుకుని తను తెచ్చిన మాసిన బట్టల మూటంతా అందులో కుమ్మరించి పోయాడు. పైకి లాగేసరికి వాడి పెదాలు నల్లబడ్డాయి. బతికాడు. కానీ ఇప్పటికీ చలివేసినా దుప్పటి కప్పనివ్వడు. ఆ గొడవకి ఇద్దరు ఆడవాళ్ళకీ కూలి కోసేశారు. పొట్టక్క ఆ మాట ఒక్కనాడూ ఎత్తలేదు. ఎత్తితేనే బాగుండేది.

ఇక మూడో చోటు పొడుగమ్మ సొంత అక్క ఇల్లు. బస్సు కొండ మీదికి తిరిగి తిరిగి ఎక్కాలి. ఫ్యాను అక్కర్లేని ఇల్లు, చుట్టూ బావ పెంచిన మొక్కలు, వాకిట్లో ఉయ్యాల. అక్కకి పిల్లలు లేరు. బండి గొడవయ్యాక మిగిలిన సెలవులన్నీ పిల్లలు అక్కడే ఉన్నారు. తీసుకురావటానికి వెళ్తే, చిన్నోడు అక్క కుచ్చిళ్ళ వెనక దాక్కుని, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. అక్క నవ్వింది. “పాపం, మర్చిపోయాడే” అంది. ఆ నవ్వు పొడుగమ్మ ఒంట్లో ముల్లులా ఉండిపోయింది. ఈసారి పంపితే తిరిగి రారని ఆమెకి తెలుసు. పంపకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. వారం నుంచీ ఈ రెండు తెలివిడుల మధ్యే నలుగుతోంది.

పది గంటలప్పుడు సూపర్‌వైజరమ్మ వచ్చింది. ఆవిడకీ ఇద్దరు చిన్నపిల్లలే. ఆవిడదీ వారం నుంచీ అదే చింత. ఫోనులో సెలవులకి అద్దెకిచ్చే ఇళ్ళ బొమ్మలు తిప్పుతూ, సముద్రం పక్కన తీసుకోవాలా, అడవి దగ్గర తీసుకోవాలా, పిల్లలకి ఏది పడుతుందో తేలటం లేదని వాపోయింది. సముద్రమైతే ఉప్పుగాలి, అడవైతే దోమలు. ఆవిడ చెడ్డ మనిషేం కాదు. తోచక అడిగింది.

“నువ్వు చెప్పు, నువ్వూ పిల్లల తల్లివే. రెండు నెలలు ఉండాలంటే ఏది మేలంటావ్?”

పొడుగమ్మ దుప్పటి కొస వదల్లేదు.

“పిల్లల పక్కన మీరుంటే ఏదైనా మేలేనమ్మా.”

సూపర్‌వైజరమ్మ మెచ్చుకున్నట్టు తలూపింది. ఆ ఊపులోనే, ఆ మూల ఫ్యాను కింద పిల్లల్ని కూచోబెట్టుకుంటానని పొడుగమ్మ అడిగేసింది. చప్పుడు చెయ్యరని, బండ్ల దగ్గరికి పోరని. సూపర్‌వైజరమ్మ మొహం ముడుచుకుపోయింది. ఇంకోసారి అలాంటిది జరిగితే తన ఉద్యోగమే పోతుందని, అర్థం చేసుకోమని చెప్పి వెళ్ళిపోయింది. అర్థం చేసుకోవటం ఎప్పుడూ మిషను దగ్గర నిలబడ్డవాళ్ళ వంతే.

అప్పుడు పొట్టక్క తన అత్త సంగతి ఎత్తింది.

“మా అత్తకి చూపు ఆనదు గానీ నోరుందే, నాలుగు వీధులకి మైకక్కర్లేదు. పిల్లలు గడప దాటితే ఊరంతా లేస్తుంది. అంతకంటే కాపలా ఏం కావాలి?”

మధ్యాహ్నం తిండి మానేసి ఇద్దరూ చూడటానికి పోయారు. మూడో అంతస్తు గది. ముసలామె మంచం మీద కూచుని, వచ్చింది ఎవరో తెలియకముందే తిట్టటం మొదలుపెట్టింది. పొడుగమ్మకి నవ్వొచ్చింది, వారంలో మొదటిసారి. ఆ నవ్వుతోనే గది దాటి డాబా మీదికి అడుగుపెట్టింది. పిట్టగోడ ఆమె మోకాలి దాకా కూడా లేదు. డాబా తలుపుకి గడియ లేదు, అసలు రెక్కే సగం ఊడిపోయి ఉంది. కింద ఇనుప సామాన్ల కొట్టు, ఆకాశంలోకి మొనలు పెట్టి నిలబెట్టిన ఊచలు. పొట్టక్క కూడా చూసింది.

“తాడేసి కడదామే తలుపుని” అంది నెమ్మదిగా.

పొడుగమ్మ ఊడిన రెక్కని ఒకసారి కదిపి చూసి వదిలేసింది. మెట్లు దిగుతూ పొడుగమ్మ అక్కకి ఫోను చేసింది. అక్క చెప్పులేసుకుని కూచున్నట్టుంది, సాయంత్రం బస్సుకే దిగుతానంది.

పిల్లలు బడి నుంచి వచ్చాక, పొద్దు వాలే వేళకి అక్కా బావా దిగారు. గది కాలిపోతోంది. బావ వాకిట్లోనే నిలబడి చొక్కా గుండీలు విప్పుకుని విసురుకుంటున్నాడు. చిన్నోడు అమ్మని దాటి నేరుగా అక్క ఒళ్ళోకి పోయాడు. పొడుగమ్మ సంచీ సర్దుతోంది. గౌన్లు, నిక్కర్లు, పెద్దదాని దువ్వెన.

“సెలవులైపోగానే నేనొచ్చి తెచ్చుకుంటానక్కా.”

“అలాగేలేవే.” అక్క పిల్లాడి తల నిమురుతోంది. ఇటు చూడకుండానే అంది. “స్వెటర్లు కూడా పెట్టు.”

పొడుగమ్మ చేతులు ఆగాయి. చలి వచ్చేది సెలవులైపోయిన ఎన్నో నెలలకి. వాకిట్లో బావ విసురుకోవటం ఆగింది. అక్క తల ఎత్తలేదు. ఆవిడ కూడా భయపడుతోందని పొడుగమ్మకి తెలిసింది. పెట్టనని ఒక్క మాట అంటే చాలు, అక్క ఖాళీ చేతులతో లేచిపోతుంది. రేపు పొద్దున ఈ గదికి బయట తాళం పడుతుంది.

ఆమె వంగి మంచం కింద పెట్టె లాగింది. అడుగు నుంచి రెండు స్వెటర్లు తీసింది.

“ఎండల్లో స్వెటరెందుకమ్మా?” అంది పెద్దది.

“అక్కడ చలేస్తుంది.”

“పోయినేడు వెయ్యలేదుగా.”

“ఈసారి వేస్తుంది” అంది పొడుగమ్మ. పెద్దది తల్లి మొహంలోకి చాలాసేపు చూసింది. తన స్వెటరు తనే తీసుకుని, మడిచి, సంచీలో అందరి బట్టల మీద పెట్టుకుంది.

చిన్నోడిది అక్క వాడి వీపుకి ఆనించి చూసింది. ఒక చెయ్యి తొడిగింది. మోచేతి దగ్గరే ఆగిపోయింది.

“పట్టదులే. నేను కొత్తది అల్లుతాను” అంది. వాడి చేతి నుంచి ఊడలాగి పక్కన పడేసింది.

బస్సు దాకా పొడుగమ్మ కూడా వెళ్ళింది. చిన్నోడు కిటికీ పక్క సీటు కోసం పేచీ పెట్టాడు, దొరికాక అటువైపు రోడ్డు చూస్తూ కూచున్నాడు. పెద్దది చెయ్యి ఊపలేదు. ఊచ పట్టుకుని, బస్సు మలుపు తిరిగేదాకా అమ్మనే చూసింది.

తిరిగొచ్చి పొడుగమ్మ తలుపు తీసింది. రేకు ఇంకా వేడి కక్కుతోంది. రేపు పొద్దున్నే పొట్టక్క ఆమె కోసం మిషను దగ్గర నిలబడి ఉంటుంది. దీపం వెయ్యకుండా గోడకి ఆనుకుని కూచుంది. మంచం మీద, ఒక చెయ్యి లోపలికి తిరగబడిపోయిన ఊదారంగు ఊలు స్వెటరు పడి ఉంది, నాలుగేళ్ళ పిల్లాడికి కూడా పట్టనిది.